అమ్మానాన్నల చిన్నతనాలు రాసిపెట్టడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ల కోసం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లను వాళ్ల సంగతులు చెప్పమంటే వచ్చే మొదటి జవాబు దాదాపు ఒకటే: "మా బతుకుల్లో రాయడానికి ఏటుంది బాబూ?" ఆయన మిల్లులోనో బడిలోనో కొట్టులోనో పనిచేసి రిటైరై ఉంటారు. ఆవిడ ఇల్లు చూసుకుని పిల్లల్ని పెంచి ఉంటారు. పేపర్లో ఎప్పుడూ పేరు పడలేదు, పదవులేమీ లేవు. అయినా రేపు మనవలు అడగబోయేది ఆ మామూలు సంగతులే. పొద్దున్నే ఏం తినేవారు, ఏ భాషలో చదివారు, పెళ్లిచూపులకు ఎవరెవరు వచ్చారు, కాపురం పెట్టిన మొదటి అద్దె ఇల్లు ఏ వీధిలో ఉండేది. వాళ్లకు చెప్పే ఓపిక ఉండగానే ఇవి రాసిపెట్టుకోవాలి. ఎలా రాయాలో ఒక్కో పనీ వరసగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. దంపతుల చరిత్ర అంటే రెండు చిన్నతనాలు. మన ఇళ్లలో ఉన్న వంశవృక్షాలు ఒకసారి చూడండి. మగవాళ్ల వరస ఆరేడు తరాలు పోతుంది, ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి "ఫలానావారి ఆడపడుచు" అని ఆగిపోతుంది. ఈ సరిహద్దులో ఆ నష్టం ఇంకా పెద్దది. సోంపేట నుంచో టెక్కలి నుంచో బరంపురం కోడలిగా వచ్చినావిడ తెలుగు బడిలో చదువుకుంది. వచ్చిపడింది ఒరియా బోర్డులున్న ఊళ్లో. బస్సు మీద రాసింది చదవలేదు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు చదవలేదు, రేషన్ కొట్టువాడితో మాట్లాడటం దగ్గర్నుంచి అన్నీ కొత్తగా నేర్చుకుంది. ఇంత జరిగాక కూడా ఆవిడ కథ "పెళ్లయి వచ్చింది" అన్న ఒక్క ముక్కలో తేలిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే నా సలహా: ఆవిడతోనే మొదలుపెట్టండి.

ముందు ఇల్లంతా వెతకండి

ప్రశ్నలు అడగడానికి ముందు ఇంట్లో ఉన్న పాత కాగితాలూ వస్తువులూ ఒకచోట చేర్చండి. "మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడిగితే పెద్దవాళ్లు రెండు ముక్కల్లో ముగించేస్తారు. పాత ఇత్తడి బిందె తెచ్చి ముందు పెడితే అది ఎక్కడ కొన్నారో, ఎవరు పెట్టారో, దాని గురించి ఎవరు ఎవరితో గొడవపడ్డారో అంతా చెబుతారు.

అన్నిటికంటే ముందు వెతకాల్సింది వాళ్ల పెళ్లి శుభలేఖ. అందులో తిథి, వారం, నక్షత్రం, ఇంగ్లిషు తేదీ, ఇరువైపులా పెద్దల పేర్లు, ఊళ్ల పేర్లు అన్నీ ఒకేచోట ఉంటాయి. ఒరియా చుట్టాల కోసం, ఆఫీసువాళ్ల కోసం రెండో భాషలో వేయించిన కార్డు కూడా ఉంటే రెండూ దాచండి. ఇంటిపేర్లు రెండింట్లో రెండు రకాలుగా ఉండటం మామూలే.

దాని తర్వాత చదివింపుల పుస్తకం. చాలామంది దీన్ని లెక్కల పుస్తకమనుకుని పారేస్తారు. దయచేసి పారేయకండి. ఆ రోజు పెళ్లికి ఎవరెవరు వచ్చారో, ఏ ఊరి నుంచి వచ్చారో, ఎంత చదివించారో వరసగా రాసి ఉంటుంది. ఏభై ఏళ్ల కిందట మీ కుటుంబానికి ఎవరితో రాకపోకలుండేవో ఇంతకంటే బాగా చెప్పే కాగితం ఇంకోటి లేదు. ఐదు రూపాయలు చదివించిన పక్కింటి ఒరియా మాస్టారి పేరు, చీర పెట్టిన మేనత్త పేరు, ఊరు ఊరంతా తరలివచ్చిన పల్లె పేరు అందులోనే దొరుకుతాయి. ఒక్కో పేరూ చదువుతూ "ఈయనెవరు?" అని అడిగితే ఆ సాయంత్రమంతా మాటలు నడుస్తాయి.

గిన్నెలూ బిందెలూ తిరగేసి చూడండి. పెళ్లికీ గృహప్రవేశానికీ ఇచ్చిన వాటి మీద ఇచ్చినవాళ్ల పేరు, ఒక్కోసారి తేదీ చెక్కించి ఉంటారు. చీరల పెట్టెలో, దేవుడి అలమరలో, పాత పంచాంగాల మధ్యలో పెట్టిన ఉత్తరాలు, ఇన్‌లాండ్ కవర్లు, పోస్టుకార్డులు కూడా ఏరండి. కార్డు మీద తపాలా ముద్రలో ఊరు, తేదీ కనిపిస్తే అది నమ్మదగిన ఆధారం.

ఫోటోల విషయంలో కాస్త జాగ్రత్త. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫోటోలను పీకితే చిరిగిపోతాయి. ఉన్నచోటే ఉంచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. విడిగా ఉన్నవాటిని వెనక్కి తిప్పి చూడండి, స్టూడియో ముద్ర ఉంటుంది. స్కానర్ దొరికితే చిన్న ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పేర్లు రాయాలంటే వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు మొహాల మీద గీతలా తేలుతుంది.

తేదీల లెక్క తేల్చుకోండి

ఈ పని మన ప్రాంతంలో మిగతా తెలుగు జిల్లాలకంటే కష్టం, ఎందుకంటే ఒకే ఇంట్లో రెండు పంచాంగాలు నడుస్తాయి.

తెలుగు సంవత్సరం పేరు చెబితే సులువే. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి మనిషి వయసును బట్టి ఏ చుట్టో తెలిసిపోతుంది. ధాత అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. సర్వజిత్తు అంటే 1947–48. విజయ అంటే 1953–54. దానికి తిథీ వారమూ నక్షత్రమూ తోడైతే పాత పంచాంగాలు చూపించే యాప్‌లలో అసలు తేదీ పట్టుకోవచ్చు.

చిక్కంతా బహుళ పక్షంలో ఉంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒరియా పంచాంగంలో పౌర్ణమితో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో రెండూ కలుస్తాయి, బహుళ పక్షంలో నెల పేరు మారిపోతుంది. దీపావళి అమావాస్య మనకు ఆశ్వయుజం, వాళ్లకు కార్తికం. కాబట్టి "కార్తిక కృష్ణ పంచమి" అని ఒరియా జ్యోతిష్యుడు రాసిన జాతకాన్ని తెలుగు కార్తిక బహుళ పంచమి అనుకుని లెక్కేస్తే నెల తేడా వచ్చేస్తుంది. జాతకం ఏ లిపిలో ఉందో, ఎవరు రాశారో ముందు చూడండి. కొత్త సంవత్సరం కూడా అంతే. మనకు ఉగాది, వాళ్లకు మేష సంక్రాంతి.

తాటాకు జాతకం ఉంటే ఇంకొకటి గమనించండి. ఒడిశా జాతకాల్లో పూరీ గజపతి రాజుల పాలనను బట్టి లెక్కించే "అంకం" వేస్తారు. అందులో 1 ఉండదు, 6తో ముగిసే అంకెలుండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. అంటే 12వ అంకం అని ఉంటే నిజానికి అది పదో ఏడు. పైగా అంకం మారేది జనవరిలోనూ కాదు, ఉగాదికీ కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు. దీన్ని సొంతంగా తేల్చాలని చూడకండి. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పాతకాలపు జ్యోతిష్యుడికి చూపించండి, నిమిషాల్లో చెబుతారు.

బడి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. జూలై 1 అనో జూన్ 1 అనో ఉంటే అది చేర్పించిన రోజున మాస్టారు వేసిన తేదీ అయ్యే అవకాశమే ఎక్కువ. రెండు తేదీలూ రాయండి: బడి లెక్క ఒకటి, ఇంటి లెక్క ఒకటి.

తేదీ అసలే తెలియనప్పుడు ఊరికి తెలిసిన సంఘటనలు పట్టుకోండి. ఒక తెల్ల కాగితం మీద మూడు గడులు గీసి, మొదటిదాంట్లో సంవత్సరం, రెండోదాంట్లో ఊళ్లో జరిగింది, మూడోదాంట్లో ఇంట్లో జరిగింది రాయండి. రెండో గడి మీరే ముందుగా నింపి తీసుకెళ్లండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 1960ల చివర ఉద్దానంలో, ఏజెన్సీలో నక్సలైట్ల రోజులు. 1980లో వంశధార వరద. 1999 అక్టోబరులో రెండు వారాల లోపే రెండు తుపాన్లు, మొదటిది గోపాల్‌పూర్ వైపే వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. "నీ పెళ్లినాటికి అణాలా, పైసలా?" అని అడిగితే పెళ్లి 1957కు ముందో తర్వాతో తేలిపోతుంది. బరంపురం వాళ్లకైతే ఠాకురాణి యాత్ర ఉంది. అది రెండేళ్లకోసారే వస్తుంది కాబట్టి "యాత్ర జరిగిన ఏడే పెద్దాడు పుట్టాడు" అంటే సగం సంవత్సరాలు తీసేయవచ్చు.

జిల్లా పేరు ఆ కాలానిదే రాయండి

మన పెద్దవాళ్లు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారినవాళ్లు. 1934లో పర్లాకిమిడిలో పుట్టినాయన పుట్టింది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో. రెండేళ్ల పిల్లాడప్పుడు ఆ ఊరు ఒరిస్సాకు వెళ్లింది. 1992 అక్టోబరు 2 నుంచి అది గజపతి జిల్లా. ఆయన భార్యది సోంపేట అనుకుందాం. 1936కు ముందు అదీ గంజాం జిల్లాయే. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా అయింది. అంటే వీళ్లిద్దరి తల్లిదండ్రులూ ఒకే జిల్లా మనుషులు. పిల్లల పెళ్లినాటికి అది రెండు రాష్ట్రాల సంబంధమైపోయింది. రాయగడ, గుణుపురం వాళ్లది ఇంకో దారి: 1936 దాకా విశాఖపట్నం జిల్లా, ఆపైన కొరాపుట్, 1992 నుంచి రాయగడ.

ఈ సంగతి తెలియకపోతే పాత దస్తావేజులో "విశాఖపట్నం జిల్లా గుణుపురం" అని కనబడగానే తప్పనుకుంటాం. పుట్టిననాటి జిల్లా పేరు రాసి, పక్కన ఇప్పటి పేరు రాస్తే చాలు.

ఆ మార్పు ఇంట్లో ఎలా తగిలిందో కూడా అడగండి. పర్లాకిమిడి రాజావారు కృష్ణచంద్ర గజపతి ఒరిస్సాకు తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. అదే ఊళ్లో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన గిడుగు రామమూర్తి ఊరు ఒరిస్సాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవి పుస్తకాల్లో ఉన్నాయి. మీ తాతగారి వీధిలో ఎవరు ఉండిపోయారు, ఎవరు వెళ్లిపోయారు, బడిలో తెలుగు మాస్టారు ఎప్పటిదాకా ఉన్నారు అన్నవి మీ ఇంట్లోవాళ్లే చెప్పాలి.

ఇద్దరినీ విడివిడిగా అడగండి

అసలు పని ఇదే. తొందరపడకండి.

ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఆవిడను అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు చెబుతారు. ఆవిడ "అవును" అని ఊరుకుంటారు. అందుకని ఆయన సంతకో గుడికో వెళ్లిన సమయం చూసుకోండి. ఆవిడ చేతిలో ఏదో పని ఉంటే ఇంకా మంచిది. చింతపండు పిక్కలు తీస్తూనో, అప్పడాలు ఎండబెడుతూనో, పూలు కడుతూనో ఉన్నప్పుడు మీరూ పక్కన కూర్చుని ఆ పని చేస్తూ అడగండి. ఎదురుగా పుస్తకం, పెన్నూ పట్టుకుని కూర్చుంటే ఇంటర్వ్యూలా అనిపించి టెన్షన్ పడతారు.

ఫోను రికార్డింగ్ పెట్టేముందు చెప్పి, ఒప్పుకున్నాకే నొక్కండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ కింద వద్దు, మాట వినపడదు. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పండి. ముప్పావుగంట దాటితే ఆపేసి మర్నాడు కూర్చోండి. అలసిపోయిన మనిషి సంగతులు కుదించి చెప్పేస్తారు.

మొదటి ప్రశ్న పుట్టిన తేదీ గురించి వద్దు. "మీకు ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు ఒక మామూలు రోజు చెప్పండి, లేచిన దగ్గర్నుంచి" అని అడగండి. ఎవరు లేపేవారు? నీళ్లు ఎక్కడ్నుంచి? పొద్దున్న తరవాణి అన్నమా, ఇంకేమైనానా? బడికి చెప్పులుండేవా? దీపం ఎన్నింటికి ఆర్పేవారు, ఎవరి పక్కన పడుకునేవారు? ఈ ఒక్క రోజు సరిగా రాబట్టగలిగితే సగం పని అయినట్టే.

ఆ తర్వాత ఊరిని బట్టి అడగండి. బరంపురం నేతవీధుల్లో పెరిగినవాళ్లయితే కండెలు ఎవరు చుట్టేవారు, ఆసు పోసే పని ఆడవాళ్లదేనా, పట్టు ఎవరిస్తే నేసేవారు, కూలి వారానికా చీరకా. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లయితే చిన్న రైలు ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరిన ఆ లైను 2004లో ఆగింది. 2011 నుంచి పెద్ద రైలు వస్తోంది. ఆ చిన్న బండిలో పెళ్లివారు తరలిపోయారా, పురిటికి వెళ్లారా, టికెట్ ఎంత, దారిలో దిగి ఎక్కేవారా అని అడిగి చూడండి. ఆ పేరెత్తగానే మొహాలు ఎలా వెలుగుతాయో మీకే తెలుస్తుంది. రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లయితే సంత గురించి అడగండి. కొండదిగి వచ్చేవాళ్లతో ఏ భాషలో బేరం చేసేవారు, కువి, సవర మాటలు ఎవరికి వచ్చు, ఏం ఇచ్చి ఏం తీసుకునేవారు. ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడినవాళ్లయితే జేకేపూర్ పేపరు మిల్లు, తెరువలి ఫెర్రో కర్మాగారం, సునాబెడ, దామంజోడి క్వార్టర్లలో మొదటి ఏడాది ఎలా గడిచిందో అడగాలి.

రంగం, అంటే రంగూన్ సంగతి తప్పకుండా అడగండి. గోపాల్‌పూర్ రేవు నుంచి స్టీమర్ ఎక్కి రంగూన్ వెళ్లినవాళ్లు ఈ తీరంలో చాలా ఇళ్లలో ఉన్నారు. 1942లో జపానువాళ్లు బర్మాలోకి వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు. ఇంట్లో బర్మా లక్క డబ్బా ఉంటే, "రంగం తాత" అన్న పిలుపు ఉంటే అక్కడ ఒక కథ ఉందన్నమాట.

బడి భాష గురించి ఇద్దరినీ విడిగా అడగండి. ఒకరు తెలుగు బడి, ఒకరు ఒరియా బడి అయిన ఇళ్లు మనకు కోకొల్లలు. ఆయన ఆఫీసు నుంచి ఉత్తరం ఒరియాలో వస్తే ఎవరు చదివి చెప్పేవారు? ఆవిడ పుట్టింటికి తెలుగులో రాసిన ఉత్తరం ఆయన చదవగలిగేవారా? పిల్లల హోంవర్క్ ఎవరు చూశారు? భార్యాభర్తల మధ్య జరిగిన నేర్పడం, నేర్చుకోవడం అంతా ఈ ప్రశ్నల్లోనే దొరుకుతుంది. మా ఇంట్లో అమ్మ ఒరియా అక్షరాలు నేర్చుకున్నది నాన్న దగ్గర కాదు, మా అక్క ఒకటో తరగతి పలక మీద. పగలు అక్క దిద్దిన అక్షరాలే రాత్రి అమ్మ దిద్దేది. నేను విడిగా కూర్చుని అడిగేదాకా ఈ సంగతి నాన్నకే తెలియదు.

పెళ్లి దగ్గరకొచ్చాక వరస తేల్చుకోండి. మేనరికమైతే భార్య వంశవృక్షం, భర్త వంశవృక్షం పైన ఎక్కడో ఒకే జంట దగ్గర కలుస్తాయి. ఆ జంటను ఒక్కసారే గీసి రెండు గీతలు దించండి. రెండుచోట్ల రాస్తే తర్వాతివాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులనుకుంటారు. చుట్టుపక్కల ఒరియా కుటుంబాల్లో చాలామంది మేనరికాలు చేసుకోరు కాబట్టి ఇరుగుపొరుగు ఏమనేవారో అడిగితే మంచి సంగతులు వస్తాయి. "అత్త" అన్నప్పుడల్లా పేరూ, ఎవరి కూతురో కూడా అడగండి. మేనత్త, మేనమామ భార్య, పెళ్లయ్యాక అత్తగారు ముగ్గురూ ఒక్క పిలుపులోనే ఉంటారు. తాతల పేర్లు మనవలకు పెట్టడం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. పక్కన ఒకటి, రెండు అని అంకె వేసుకోండి. పేరు వెనక మొక్కు కూడా ఉంటుంది. అప్పలస్వామి అంటే సింహాచలం, కూర్మారావు అంటే శ్రీకూర్మం, సూర్యనారాయణ అంటే అరసవల్లి, జగన్నాథం అంటే పూరీ. ఆ మొక్కు ఎందుకు మొక్కారో అడగండి.

ఆడపిల్లల పేర్లు మరీ జాగ్రత్తగా రాయండి. పెళ్లిలో పేరు మారిందా, పుట్టింటివాళ్లు ఏమని పిలిచేవారు, అత్తింట్లో ఏమని పిలిచారు. ఈ మూడూ తెలియకపోతే పాత ఉత్తరాల్లో ఉన్న మనిషి ఈవిడే అని పోల్చుకోలేం.

పోయిన పిల్లల గురించి ఒక్కసారే, మెల్లగా అడగండి. ఆ తరంలో చాలామంది తల్లులు ఒకరిద్దరు పసివాళ్లను పోగొట్టుకున్నారు. చెబితే పేరుతో సహా రాయండి, వంశవృక్షంలో చోటివ్వండి. చెప్పకపోతే వదిలేయండి.

అదే సంఘటన గురించి ఆయన ఒకటి, ఆవిడ ఇంకొకటి చెబుతారు. పెళ్లిచూపుల నాడు ఎవరు ఎవర్ని ముందు చూశారు, మొదటి ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు లాంటివాటిలో ఇది తప్పదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఎవరిది నిజమని తేల్చకండి. రెండూ రాయండి, "నాన్న చెప్పింది", "అమ్మ చెప్పింది" అని.

ఆఫీసుల్లో వెతకాల్సినవి

ఇంటి మాటలు రాసుకున్నాకే కాగితాల కోసం బయటికి వెళ్లండి. ఏం వెతకాలో అప్పుడే తెలుస్తుంది.

పుట్టిన రికార్డు కోసం తండ్రి ఊళ్లో వెతికి లేదనుకుంటాం. మన ఆచారంలో తొలి కాన్పు పుట్టింట్లో కదా. బరంపురంలో పెరిగిన పెద్ద కొడుకు పుట్టింది ఇచ్ఛాపురంలోనో కవిటిలోనో అయి ఉండవచ్చు. తల్లి పుట్టింటి పంచాయతీ, మునిసిపాలిటీలో అడగండి. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందువి పల్లెల్లో దొరకడం కష్టమే, అప్పుడు బడి అడ్మిషన్ రిజిస్టరే దిక్కు. హెడ్మాస్టరుకు కాగితం రాసిచ్చి మర్యాదగా అడిగితే చాలాచోట్ల చూపిస్తారు.

భూమి కాగితాలు ఒడిశా వైపువి భూలేఖ్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. జిల్లా, తహసీలు, ఊరు ఎంచుకుని ఖతియాన్ (ఖాతా) నంబరుతోనో ప్లాటు నంబరుతోనో రైతు పేరుతోనో వెతకాలి. అంతా ఒరియాలో ఉంటుంది. పేరు పక్కన "పి" అని ఉంటే తండ్రి పేరు, "స్వా" అంటే భర్త పేరు, "జా" అంటే కులం, "బా" అంటే ఉండే ఊరు. ఈ నాలుగు పొడి అక్షరాలు గుర్తుపడితే ఒక కుటుంబం తీగ దొరికినట్టే. ఆవిడకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి ఆంధ్రా వైపు ఉంటే మీభూమి వెబ్‌సైట్‌లో చూడండి. 1936కు ముందు దస్తావేజులు తెలుగులో కూడా ఉంటాయి కాబట్టి పాత రిజిస్టరు కాగితాలు ఒరియా రాదని పక్కన పెట్టకండి, విప్పి చూడండి. పేర్ల విషయంలో మాత్రం ఓపిక కావాలి. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగలవచ్చు, అసలు లేకనూ పోవచ్చు, చివర పాత్రో అనో రావు అనో చేరి ఉండవచ్చు.

తద్దినాలు పెట్టే ఇళ్లలో పురోహితుణ్ణి అడగండి. తర్పణాల్లో తండ్రి వైపు మూడు తరాలతోపాటు తల్లి పుట్టింటి పెద్దల పేర్లు కూడా చెప్పిస్తారు. పూరీ, గయ, కాశీ వెళ్లినప్పుడు ఊరి పేరు చెప్పి పండాను (అక్కడి తీర్థ పురోహితుణ్ణి) వెతికితే పాత పుస్తకాల్లో తాతల సంతకాలు దొరికిన కుటుంబాలున్నాయి. భువనేశ్వర్‌లో ఒడిశా ఆర్కైవ్స్, మద్రాసు ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉన్నాయి కానీ, ఇంటి చరిత్ర కోసం అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం నాకైతే కనబడదు. ఆ రోజుల్ని పెద్దవాళ్ల పక్కన కూర్చోవడానికి వాడండి.

ఇక రాయండి

రికార్డింగ్ వింటూ ముందు ఉన్నదున్నట్టు రాసుకోండి. "నాను", "ఏటి", "గుంటడు" అన్నవి దిద్దకండి. మీరు చెప్పే భాగం మామూలు తెలుగులో ఉండనివ్వండి, వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉండాలి. మధ్యలో ఒరియా వాక్యం వస్తే దాన్ని తెలుగు లిపిలో అలాగే రాసి పక్కనే అర్థం చెప్పండి.

"అమ్మ బాల్యం కష్టాలతో గడిచింది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి:

"అప్పట్లో బారువలో ఉండేవాళ్లు. తెల్లారకముందే మామ్మ లేపేది. నుయ్యి నాలుగిళ్ల అవతల. బిందె పెద్దది కావడంతో అమ్మ సగమే నింపి నడుమున పెట్టుకునేది. గాబు నిండేసరికి ఎండొచ్చేది. తరవాణి అన్నం తిని, తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వెళ్లేది. తమ్ముడు ఏడిస్తే మాస్టారు ఇద్దర్నీ పంపించేసేవారు. అందుకే నాకు ఎక్కాలు సగమే వచ్చు అంటుంది అమ్మ."

కష్టమన్న మాట ఎక్కడా లేదు, చదివినవాళ్లకు అంతా తెలుస్తుంది. పుట్టుక నుంచి వరసగా రాయాలన్న పట్టుదల వద్దు. ముందు ఆవిడ చిన్నతనంలో ఒక రోజు, తర్వాత ఆయన చిన్నతనంలో ఒక రోజు, ఆ తర్వాత పెళ్లి, కాపురం మొదటి ఏడాది. ఈ నాలుగు ముక్కలు అయితే మిగతావి వాటంతటవే చేరుతాయి. ధరలు రాస్తే ఆ కాలం కొలతల్లోనే రాయండి: వీశెలు, కుంచాలు, బేడ, పావలా. బేడ అంటే రెండణాలని, వీశె అంటే సుమారు కిలో నాలుగువందల గ్రాములని పక్కన చిన్నగా రాస్తే మనవలకు సరిపోతుంది.

ఇంకొకరికి నొప్పి కలిగించే సంగతులు, అప్పులు, విడిపోవడాలు, ఆస్తి తగువులు అందరికీ ఇచ్చే ప్రతిలో పెట్టాలా వద్దా అన్నది చెప్పినవాళ్లనే అడగండి. వద్దంటే తీసేయండి. ఆవిడ "ఇది నాను పోయాక రాయి" అంటే ఆ మాట నిలబెట్టుకోండి.

పూర్తయ్యాక ఇద్దరికీ చదివి వినిపించండి. ఈసారి మాత్రం పక్కపక్కనే కూర్చోబెట్టండి. "అలా కాదు" అని ఒకరు మొదలుపెడతారు, కొత్త సంగతులు బయటపడతాయి, మళ్లీ రికార్డింగ్ నొక్కాల్సి వస్తుంది. దిద్దుబాట్లయ్యాక అక్షరాలు 16 సైజులో పెట్టి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించండి. చివర కొన్ని ఖాళీ పేజీలు ఉంచండి. ఫోటోలూ రికార్డింగులూ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మీ దగ్గర ఒకటి, ఇంకో ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఒకటి ఉండాలి. తుపాన్ల తీరం కదా, అన్నీ ఒకే ఇంట్లో ఉంచొద్దు. అచ్చు ప్రతి ఒకటి ఆయన వైపువాళ్లకు ఇచ్చినట్టే ఆవిడ పుట్టింటికీ పంపండి. అక్కడ మిగిలిన తమ్ముడో చెల్లెలో చదివి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు రాసుకోవడానికే ఆ ఖాళీ పేజీలు.